జూరాకాన్ పోగొట్టుకోని గుర్రం

నరీన్ ఊళ్ళోని నాటకశాలలో చేరిన రోజుల్లో జూరాకాన్ జడలు నడుం దాటి వేలాడేవి. ఇప్పుడు రెండూ కలిపి అల్లినా చిటికెన వేలంత రావు. ఆ జడలకీ ఈ జడకీ మధ్య గడిచిన కాలమంతా ఆవిడ వేదిక మీద వేసిన వేషం ఒక్కటే, ముసలమ్మ. పాతికేళ్ళ వయసులోనూ ముసలమ్మే. బావి దగ్గర ముసలమ్మ, పెళ్ళిలో ముసలమ్మ, యుద్ధానికి పోయేవాళ్ళకి చెయ్యూపే ముసలమ్మ. తెర లేవగానే బకెట్ పట్టుకుని ఎడమ నుంచి కుడికి పోవాలి, తెర పడేలోగా కుడి నుంచి ఎడమకి రావాలి. మాట మాత్రం ఒక్కటీ లేదు.

ఆవిడ పెనిమిటి ఇసాకున్ నీళ్ళ లారీ తోలేవాడు. ఏ నాటకమైనా మొదటి ఆటకి లారీతో సహా వచ్చి, దాన్ని మెట్ల ముందే ఆపి, లోపలికొచ్చి కూర్చుని పక్కవాణ్ణి మోచేత్తో పొడిచేవాడు.

"అదుగో, బకెట్ పట్టుకుని పోతోందే, మా ఇంటిదే."

"మాటల్లేవేం?"

"ఉన్నవన్నీ ఇంట్లో నా మీదే వాడేస్తుంది. ఇక్కడిదాకా ఎక్కడ మిగుల్తాయి?"

పోయినేడు ఆకులు రాలే రోజుల్లో ఇసాకున్ పోయాడు. లారీ తుడుస్తూ తుడుస్తూ చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచి జూరాకాన్ ఇంట్లో మాట అనేది లేకుండా పోయింది. ఆవిడ టీ పోసుకునేటప్పుడు రెండు గిన్నెలు తీస్తుంది, ఒకటి మళ్ళీ అల్మారాలో పెడుతుంది. నోరు తెరిచే పని పడేది ఆవు దగ్గరే. అదీ "జరుగు" అని. వాడని తాళంలాగా గొంతుకి తుప్పు పట్టింది.

వసంతం వస్తే ఆవిడకి పింఛను. ఇక బకెట్ వేరెవరికో ఇచ్చేసి ఇంట్లో కూర్చోవాలి. ఎవరికీ చెప్పలేదుగానీ ఆవిడకి ఒక్క కోరిక ఉండేది. పోయేలోపు ఆ వేదిక మీద నోరు తెరిచి మాట్లాడాలి, జనం వినాలి. ఏం మాటైనా సరే. "పాలు పొంగాయి" అన్నా చాలు.

సరిగ్గా ఆ శీతాకాలమే దర్శకుడు ఎర్మెక్ రాజధాని బిష్కెక్‌లో శిక్షణకి వెళ్ళి ఒక లాప్‌టాప్ సంకలో పెట్టుకుని వచ్చాడు. అందర్నీ పిలిచి టీ బల్ల మీద దాన్ని తెరిచాడు.

"ఇందులో ఉన్నది నాటకాలు రాస్తుంది. మనిషి బుర్ర కాదు, కృత్రిమ బుర్ర," అన్నాడు.

"తాగుతుందా?" అని అడిగింది దామిరా. ఆ నాటకశాలలో రాణి వేషాలూ తల్లి వేషాలూ అన్నీ ఆవిడవే. ఇదివరకటి రచయిత తాగి తాగి ఆఖరి అంకాలు ఎగ్గొట్టేవాడు. ఆ బాధ ఆవిడకే తెలుసు.

"తాగదు, తినదు, అలగదు. ఏం అడిగినా తప్పకుండా అంటుంది. తిడితే క్షమించండి అంటుంది. పొద్దస్తమానం నిలబడే ఉంటుంది."

"అయితే కొత్త కోడలే," అంది గుల్షైర్. ఆవిడ కోట్ల గదిలో మనిషి. జూరాకాన్‌కి ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. "చూద్దాంలే, ఆరు నెలలు పోతే నోరు లేస్తుంది."

అప్పట్నుంచి దాని పేరు కొత్త కోడలే. ఎర్మెక్ దానికి పాత నాటకాలు తినిపించాడు. గోడలకంటించిన కాగితాలూ, ఎవరే వేషం వేశారో ఉన్న పత్రాలూ, ఆటలు ఆడుతుండగా తీసిన వీడియోలూ అన్నీ తినిపించాడు. కోడలు నమిలి మింగి రెండు సంగతులు తేల్చింది. ఒకటి, ఈ నాటకశాలకి అందరికంటే గొప్ప నటి జూరాకాన్. ఎందుకంటే ఏ నాటకం చూసినా ఆ పేరుంది. రెండు, జనానికి అన్నిటికంటే నచ్చేది దీవెన. ఎందుకంటే ఏ వీడియో చూసినా, నాటకం చివర విందు ముగిసి పెద్దవాళ్ళు దీవెన ఇవ్వగానే జనం తథాస్తు అన్నట్టు ఓమిన్ అని లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అంత నచ్చేదాన్ని చివర దాచుకోవడం ఎందుకు? మొదటే పెట్టాలి.

అలా కొత్త కోడలు రాసిన నాటకంలో తెర లేవగానే ఒక వితంతువు చేతులు చాచి దీవెన ఇస్తుంది. ఆ తర్వాత తప్పిపోయిన తన మగడి గుర్రాన్ని వెతుక్కుంటూ గడప గడపకీ తిరుగుతుంది. ఆ వితంతువు జూరాకాన్.

దామిరా టీ గిన్నె ఠపీమని బల్ల మీద పెట్టింది. "ఇన్నేళ్ళూ రాణుల్ని వేశాను. విషం తాగాను, కొండ మీంచి దూకాను. ఆఖరికి బకెట్‌ది గెలిచిందా?"

"నా చేతుల్లో ఏముంది ఎజే," అన్నాడు ఎర్మెక్. పెద్దక్కలాంటి ఆడవాళ్ళందర్నీ అతను ఎజే అనే పిలుస్తాడు, వాళ్ళు తిడుతున్నప్పుడు మరీను. "కోడలు రాసినదాంట్లో మనిషి ఒక్క ముక్క కూడా మార్చకూడదని పైవాళ్ళ షరతు. మార్చామంటే లాప్‌టాప్ వెనక్కి తీసుకుంటారు."

జూరాకాన్ చెవులు ఎర్రబడ్డాయి.

సాధనలు మొదలయ్యాయి. కోడలి మర్యాద చెప్పనలవి కాదు. వితంతువు మొదటి గడపకెళ్ళి "నా గుర్రాన్ని చూశారా?" అంటుంది. పొరుగింటాయన "చాలా మంచి ప్రశ్న అడిగారు. గుర్రం కనబడకుండా పోవడానికి ముఖ్యంగా మూడు కారణాలు ఉంటాయి" అంటాడు. రెండో అంకంలో తోడేలు వస్తుంది. అది గొర్రెతో "మీ బాధ నాకు అర్థమవుతోంది, మిమ్మల్ని తినే ముందు మీ అభిప్రాయం తెలుసుకోవచ్చా?" అంటుంది. తోడేలు వేషం వేసినాయన నలభై ఏళ్ళుగా తోడేళ్ళే వేస్తున్నాడు. ఆ మాట చదివి తోక విప్పి బల్ల మీద పెట్టి, బయటికెళ్ళి సిగరెట్ ముట్టించాడు.

జూరాకాన్‌కి ఇవేవీ పట్టలేదు. పాత్ర పెద్దది. పాలు పితుకుతూ ఆవుకి అప్పజెప్పింది. ఆవు చెవులు రిక్కించి విని పాలు తగ్గించింది. ఎంత కంఠస్థం చేసినా గొంతు మాత్రం లేవలేదు. గుసగుసలాడినట్టు వచ్చేది.

"ఎజే, మూడో వరస దాకా కూడా రావట్లేదు," అన్నాడు ఎర్మెక్. "నాటకం కోడలిదిగానీ, జనం తిట్టేది నన్ను. ఆఖరి సాధనకి కూడా ఇట్లానే ఉంటే దామిరా ఎజేకి ఇవ్వక తప్పదు. మాటలు మారిస్తే తప్పుగానీ మనిషిని మారిస్తే కాదు, అడిగి తెలుసుకున్నా."

దామిరా అప్పటికే మాటలన్నీ కంఠతా పట్టింది. నడవాల్లో ఎదురుపడ్డప్పుడల్లా "నా గుర్రాన్ని చూశారా!" అని కిటికీలదిరేట్టు అని పోయేది.

ఆఖరి సాధన రోజు ఉదయం జూరాకాన్ వంతెన మీంచి నడిచి వస్తూ ఆగింది. కింద ఏరు గడ్డకట్టని మధ్యపాయలో హోరుమంటోంది. ఇసాకున్ లారీకి నీళ్ళు పట్టేది అవతలి ఒడ్డునే. అన్నాల వేళకి ఆవిడ ఇవతల నిలబడి పిలిచేది, ఏటి హోరు మీద నుంచి, కడుపులోంచి. ఆయనకి ఎప్పుడూ వినబడేది. వినబడనట్టు నటించేవాడుగానీ వినబడేది.

ఆవేళ వేదిక ఎక్కి, ఖాళీ కుర్చీలకేసి చూసి, అవతలి ఒడ్డుని పిలిచినట్టు పిలిచింది. "నా గుర్రాన్ని చూశారా?"

ఎర్మెక్ ఒళ్ళో లాప్‌టాప్ జారి కింద పడబోయింది. ఎక్కడో తలుపు వేసుకుంది. అది దామిరా గది తలుపు.

ఇంతా చేసి, ఇన్ని సాధనల్లో ఎవరూ చెయ్యనిది ఒక్కటుంది. దీవెన. మా దగ్గర ఉత్త పుణ్యానికి దీవెన ఇవ్వరు. ఎదుట విందూ మనిషీ లేకుండా చేతులు చాచి దీవిస్తే అది ఖాళీగా పోయి ఎవరి నెత్తినో పడుతుందని భయం. అందుకని సాధనలో ఆ చోటు రాగానే జూరాకాన్ "ఇక్కడ దీవెన" అనేది, అందరూ తలలూపేవారు, ముందుకి పోయేవారు. దర్శకుడు కూడా దాన్ని దాటించేశాడు.

మొదటి ఆట శనివారం పెట్టారు, సంతకొచ్చిన జనం కూడా వస్తారని. బయట ఉమ్మితే నేలన పడేలోపు గడ్డకట్టే చలి. గుల్షైర్ ఒక్కరినీ కోటుతో లోపలికి పోనివ్వలేదు. "ఇదేమన్నా గొర్రెల దొడ్డా? విప్పి పొండి," అని అందరి కోట్లూ గుంజి కొక్కేలకి తగిలించింది. అన్నీ నల్లవే. కుర్చీలు నిండాయి.

తెర లేచింది. బల్ల మీద రొట్టె, నూనెలో వేయించిన పిండిముక్కలు బూర్సోకులు, మీగడ. వెలుతురులో జూరాకాన్ ఒక్కతే. చేతిలో బకెట్ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఒక్క క్షణం తెలియలేదు. తర్వాత అరచేతులు పైకి తిప్పి చాచింది.

కోడలు రాసినవి మంచి మాటలే. ఇళ్ళల్లో పొగ ఆగకూడదని, బిడ్డలు చల్లగా ఉండాలని, దారిన పోయినవాళ్ళు దారినే తిరిగి రావాలని. ఆఖరి మాట దగ్గర కూడా జూరాకాన్ గొంతు తెగలేదు. చిట్టచివరి వరస దాకా పోయి గోడకి తగిలింది. హాలంతా చేతులు చాచింది. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అందరూ ఒక్క గొంతుతో "ఓమిన్" అని అరచేతులు మొహం మీంచి దించుకున్నారు.

దించుకుని లేచారు. చప్పట్లు కొట్టారు.

తనకోసమే లేచారనుకుంది జూరాకాన్. ఒళ్ళంతా వెచ్చబడింది. ఇంత కాలం ఆగినందుకు ఇంత గౌరవమా అనుకుంది. అంతలో ముందు వరసలో ఆడమనిషి తలగుడ్డ సర్దుకుని, పక్కావిడతో "నాటకం పొట్టిదైనా బాగుంది, కదూ? ఆవిడ దీవెన ఇస్తే మా అత్తే ఇచ్చినట్టుంది" అంటూ తలుపుకేసి నడిచింది. ఆవిడ వెనక వరసకి వరస కదిలింది. దీవెనయ్యాక కూర్చునుండటం ఏం మర్యాద? ఆతిథ్యమిచ్చినవాళ్ళని సతాయించినట్టు కాదూ?

వేదిక పక్కనుంచి దామిరా తల బయటపెట్టింది. "ఇన్నేళ్ళకి నోరు తెరిచి ఊరినంతా ఇంటికి పంపావు కదే తల్లీ!"

హాలు ఖాళీ అయింది. ఎర్మెక్ లాప్‌టాప్‌ని గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు. "ఇప్పుడేం చెయ్యాలి?" అని దాన్నే అడిగాడు. కోడలు "చాలా మంచి ప్రశ్న" అంది.

జూరాకాన్ వేదిక దిగి, హాలు దాటి, కోట్ల గదికేసి మెట్లు దిగింది. ఆ నోట్లో ఇంకా ఒక నాటకం నిండా మాటలున్నాయి. ఇవాళ బయటికి రాకపోతే ఇక ఎప్పుడూ రావు. రేపట్నుంచి ఆ పాత్ర దామిరాదే.

కోట్ల గది ముందు జనం గుంపులు గుంపులుగా ఇరుక్కుని ఉన్నారు. గుల్షైర్ నల్లకోట్ల మధ్య ఎవరిదేదో పోల్చుకోలేక కేకలేస్తోంది. కోటు లేకుండా ఆ చలిలోకి ఎవడూ పోలేడు. జూరాకాన్ మెట్ల మీదే నిలబడి, ఏటి అవతలికి పిలిచినట్టు పిలిచింది.

"నా గుర్రాన్ని చూశారా?"

గుంపంతా వెనక్కి తిరిగింది.

"ఏ గుర్రం అపా?" అన్నాడొకడు, ఒక చెయ్యి కోటులోకి దూర్చి. మా దగ్గర తల్లి వయసు వాళ్ళందరూ అపాలే.

పొరుగింటాయన వేషం వేసిన నటుడు పాపం ఆవిడ వెనకే దిగాడు. తన వంతు మాట తను చెప్పాడు. "చాలా మంచి ప్రశ్న అడిగారు. గుర్రం కనబడకుండా పోవడానికి ముఖ్యంగా మూడు కారణాలు..."

"నీ మొహం! పెద్దావిడ గుర్రం పోయి ఏడుస్తుంటే కారణాలు లెక్కపెడతావేంట్రా? తప్పుకో!" అని ఒకాయన అతన్ని భుజం పట్టి పక్కకి నెట్టాడు. "అపా, ఏం రంగు?"

కోడలు రంగు రాయలేదు. "ఎరుపు," అంది జూరాకాన్.

"నుదుట చుక్క ఉందా?"

"ఉంది."

"ఎప్పట్నుంచి కనబడట్లేదు?"

"ఆకులు రాలినప్పట్నుంచి."

"అయ్యయ్యో, ఇంతకాలం ఎవరికీ చెప్పలేదా!" ఆడవాళ్ళు నాలుకలు చప్పరించారు. మగవాళ్ళు ఫోన్లు తీశారు. ఒకడు బావమరిదికి, ఒకడు సంత కాపలావాడికి. "ఎర్రది, చుక్క గుర్రం, ఆ ముసలామెది, నాటకశాల ముసలామె లేదూ... ఆఁ, బకెట్ ముసలామె!"

"నాయనా, ఆగండి," అంది జూరాకాన్ గాభరాగా. "ఇది నాటకం."

"నాటకం అయిపోయిందిగా అపా," అన్నాడు కోటు చెయ్యివాడు మెల్లగా, పిల్లలకి చెప్పినట్టు. "నువ్వే దీవెన ఇచ్చావు. మేమూ ఓమిన్ అన్నాం. ఇప్పుడు అసలు సంగతి చెప్పు."

జూరాకాన్ నాటకంలో తర్వాతి మాట చెప్పింది. దాని తర్వాతిదీ చెప్పింది. గుర్రం గిట్టల చప్పుడు వినబడక నిద్ర పట్టడంలేదని చెప్పింది. వాకిట్లో కట్టుగుంజ ఒంటరిగా నిలబడి ఉందని చెప్పింది. కోడలి మాటలే అవన్నీ. ఇంట్లో ఆవు ముందు ఎన్నోసార్లు చెప్పినవే. కానీ ఇక్కడ మాట మాటకీ బదులొచ్చింది. "నిజమే అపా." "మా ఆయన గొర్రెలు పోయినప్పుడు నేనూ ఇట్లానే." "తాళ్ళు మంచివి కొనాలి, సంతలో ఇప్పుడన్నీ దొంగ సరుకే." గుల్షైర్ కోట్లివ్వడం మానేసి మోచేతులు బల్ల మీద ఆనించి కూర్చుంది. కోటడిగినవాణ్ణి "ఉండరా, వినబడట్లా" అని కసిరింది.

మెట్ల పైన దామిరా నోరెళ్ళబెట్టింది. విషం తాగినన్నిసార్లూ ఆవిడకి చప్పట్లు కొట్టారేగానీ, ఒక్కడూ లేచొచ్చి ఉప్పునీళ్ళు తాగించలేదు.

బయట గిట్టల చప్పుడైంది. తలుపులు భళ్ళున తెరుచుకుని చలి లోపలికి పొగలా వచ్చింది. సంత కాపలావాడు వగరుస్తూ, "దొరికింది! దొరికింది! వంతెన అవతల కట్టేసుంది, ఎవడో దొంగవెధవ!" అన్నాడు. బయట మెట్ల ముందు ఎర్ర గుర్రం. నుదుట చుక్క. మూతి వెంట్రుకలకి మంచు పట్టి ఉంది.

జనం దారిచ్చారు. అందరూ జూరాకాన్‌నే చూస్తున్నారు. గుర్రం దొరికినప్పుడు వితంతువు చెప్పవలసిన మాట కోడలు రాసింది. "నీ పునరాగమనం నాకెంతో ఆనందదాయకం" అని. జూరాకాన్ దగ్గరికెళ్ళి గుర్రం మెడ మీద చెయ్యి వేసింది. మెడ వెచ్చగా ఉంది.

"ఇది నాది కాదు నాయనా."

"సరిగ్గా చూడు అపా. చలికాలం కదా, బొచ్చు పెరిగి వేరేలా ఉంటుంది."

"నాది కాదు. నాకసలు గుర్రమే లేదు." ఆవిడ చెయ్యి మెడ మీద నుంచి తియ్యలేదు. "మా ఆయన లారీ తోలేవాడు. ఆకులు రాలినప్పుడు పోయింది ఆయన."

నీళ్ళ లారీ ఇసాకున్ తెలియనివాడు ఊళ్ళో ఎవడు? మగవాళ్ళు పెట్టుకున్న టోపీలు తీశారు. తర్వాత గుల్షైర్ ముక్కు చీదుకుని లేచి కోట్లందించడం మొదలుపెట్టింది. అందరూ వంతుల వారీగా వచ్చి జూరాకాన్ చేతులు రెండు చేతుల్తో పట్టుకుని వెళ్ళారు. ఒకావిడ తను సంతలో కొన్న మీగడ డబ్బా ఆవిడ చేతిలో పెట్టింది. ఎర్మెక్ జరిగినదంతా లాప్‌టాప్‌కి చెప్పాడు. ఇకపై నాటకాలన్నీ కోట్ల గది ముందే మొదలుపెట్టాలని కోడలు తేల్చింది. గుల్షైర్ ఆ మాట విని, "దాన్ని నా దగ్గరికి పంపు, రెండ్రోజులు కోట్లు మోయిస్తా" అంది.

గుర్రాన్ని ఏం చెయ్యాలో తేలలేదు. కాపలావాడు జారుకున్నాడు. జూరాకాన్ కళ్ళెం పట్టుకుని బయట మెట్ల మీద నిలబడింది.

ఇంతలో వంతెన వైపు నుంచి ఒక గొర్రెల కాపరి పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో కొరడా, కాళ్ళకి పేడ బూట్లు. పేరు ముకాష్, పై కొండల్లో ఉంటాడు.

"ఏం వదినా! సిగ్గుండాలి! నేను అటు తిరిగి ఉప్పు కొనుక్కునేసరికి నా గుర్రాన్ని లాక్కొస్తారా? ఇదేం ఊరు? ఇదేం ఇల్లు?"

"నాటకశాల."

"అంటే గుర్రాలు దొంగిలించేవాళ్ళుంటారా?"

"కాదు. అరవకు, చెబుతా. ముందు లోపలికి రా, గడ్డకట్టుకుపోతావు."

గుర్రాన్ని గుమ్మానికి కట్టేసి ఇద్దరూ హాల్లోకి వెళ్ళారు. బూట్ల పేడ చూసి ముకాష్ ముందుకి రావడానికి మొహమాటపడ్డాడు, చిట్టచివరి వరసలోనే కూర్చున్నాడు. జూరాకాన్ అలవాటు చొప్పున వేదిక ఎక్కింది. దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

"నీ గుర్రాన్ని ఎందుకు తెచ్చారో చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పాలి," అంది.

"చెప్పు. తొందరేముంది, ఉప్పు కొనేశాను."

దీవెన వదిలేసి తర్వాతినుంచి మొదలుపెట్టింది. గడప గడపా తిరిగింది. పొరుగింటివాడి మాటలూ తనే చెప్పింది, తోడేలు మాటలూ తనే చెప్పింది. తోడేలు గొర్రె అభిప్రాయం అడిగిన చోట ముకాష్ కుర్చీలో విరగబడి నవ్వాడు. "మా కొండ మీద అట్లాంటిది ఒక్కటుంటే బాగుండు!" కట్టుగుంజ దగ్గర మాత్రం నవ్వలేదు. గడ్డం గోక్కున్నాడు. ఇక ఆగలేకపోయాడు.

"కాదు వదినా, తెలియక అడుగుతా. గుర్రం పోతే ఇళ్ళ వెంట తిరగడమేంటి? అది టీ తాగడానికి పోయిందా? ముందు నీళ్ళ దగ్గర చూడాలి. తర్వాత..."

"నోర్మూసుకుని విను," అంది జూరాకాన్.

ముకాష్ నోరు మూసుకుని విన్నాడు.